నూనె రాసిన చేయి

కరోనా టీకాల హడావుడి సద్దుమణిగిన మరుసటి ఏడాది సంగతి ఇది. సూరత్‌లో, లింబాయత్‌లో, మా తెలుగువాళ్ళ గల్లీ. కింద మగ్గాలు, పైన కాపురాలు. పగలంతా నేల సన్నగా అదురుతూనే ఉంటుంది. కరీంనగర్ వైపు నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు రెండు నెలల్లో గొంతు పెంచి మాట్లాడటం నేర్చుకుంటారు. ఆ తర్వాత ఊరికి పోయినా తగ్గించలేరు. నా గొంతూ అట్లాగే బొంగురుపోయింది.

నేను చదువుకోలేదు. పేరు రాయగలను, బస్సు నంబరు పోల్చుకోగలను, అంతే. నేను చెబుతుంటే మాకు తెలిసిన ఒక టీచరమ్మ ఇది రాస్తోంది. నా మాటలు ఆమె అక్కడక్కడ చక్కదిద్దినా పరవాలేదు. నేను చేసిన తప్పును మాత్రం చక్కదిద్దవద్దని ముందే చెప్పాను.

నా పని అంగన్‌వాడీలో. గుజరాతీలో మమ్మల్ని తేడాగర్ అంటారు, అంటే పిల్లలను ఇళ్ళ నుంచి తీసుకువచ్చే మనిషి అని. ఊడ్చడం, వండటం, మూతులు కడగడం అన్నీ నావే. అయినా అసలు పని పేరులోనే ఉంది. మా ఆయన ఇరవై ఏళ్ళు పవర్‌లూమ్ దగ్గర నిలబడి, దగ్గి దగ్గి పోయాడు. ఆయన పోయిన ఏడాదే ఇందులో చేరాను. పంతొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు ఒక్కొక్క ఇంటి మెట్లు ఎక్కుతుంటే ఇంకెన్ని ఉన్నాయో మోకాళ్ళే లెక్క చెబుతాయి.

బుధవారాలు టీకాలు. నర్సు హేతల్ బెన్ (బెన్ అంటే అక్క) నీలం రంగు డబ్బా భుజాన వేసుకుని వస్తుంది. దాన్ని వ్యాక్సిన్ క్యారియర్ అంటారు, లోపల మంచు పలకల మధ్య మందు సీసాలు ఉంటాయి. ఆ సీసాను వయల్ అంటారు. ఏ పిల్లకు ఏ టీకా బాకీ ఉందో రాసిన కాగితం డ్యూ లిస్టు. అది నేను చదవలేను. హేతల్ బెన్ ముందురోజు ఫోనులో పేర్లు చెబుతుంది, నేను మనసులో పెట్టుకుంటాను. ఇన్నేళ్ళలో ఒక్క పేరూ మరిచిపోలేదు.

సూది వేసేది ఆమె, పిల్లను పట్టుకునేది నేను. పట్టుకోవడం కూడా ఒక విద్యే. గట్టిగా పట్టుకుంటే పిల్ల బెదురుతుంది, వదులుగా పట్టుకుంటే చేయి లాక్కుంటుంది. నేను నేర్చుకున్న ఉపాయం నూనె. రాగానే ఆ చేతికి రెండు చుక్కల నూనె వేసి మెల్లగా రుద్దుతాను. కండ మెత్తబడుతుంది, పిల్ల మాటల్లో పడుతుంది, నర్సు దూదితో తుడిచి సూది దించేస్తుంది. నా చిన్నప్పుడు మా అమ్మ మాకు అట్లాగే చేసేది. మా గల్లీ తల్లులకూ అలవాటు చేశాను. టీకా రోజు ఇంటి దగ్గరే నూనె రాసి తెచ్చేవాళ్ళు. ఇది పుస్తకాల్లో ఉందో లేదో నాకు తెలియదు. పిల్లలు తక్కువ ఏడ్చేవాళ్ళు, అది మాత్రం తెలుసు.

ఆ ఏడాది మా వెనక గల్లీలో తట్టు వచ్చింది. మీజిల్స్ అంటారే, అది. జ్వరం, ఎర్రబడిన కళ్ళు, ఒళ్ళంతా దద్దుర్లు. గుమ్మాలకు వేపకొమ్మలు కట్టి ఊరుకున్నారు చాలామంది. ఒక ఏడాదిన్నర పిల్లవాడు చనిపోయాడు. వాడికి రెండుసార్లు నేను పాలూ అన్నం కలిపి తినిపించాను. దాని గురించి ఇంక చెప్పను.

అప్పుడే పైనుంచి కొత్త మిషన్ వచ్చింది. సూది లేకుండా టీకా వేసేది. కొన్ని వార్డుల్లోనే ఇచ్చి చూస్తున్నారన్నారు. చేతిలో పట్టే టార్చిలైటు అంత ఉంటుంది. ఒక పెట్టెలో పెట్టి మూత నొక్కితే లోపల స్ప్రింగు బిగుసుకుంటుంది. కొసకు సూది లేని చిన్న సిరంజి తగిలిస్తారు, పిల్లకొకటి. దాన్ని చర్మానికి నిటారుగా ఆనించి నొక్కితే టప్‌మంటుంది. మందు వెంట్రుకకంటే సన్నని ధారగా చర్మం గుండా లోపలికి పోతుంది. పైన ఒక ఎర్రని చుక్క, కాస్త చెమ్మ. అంతే మిగిలేది. హేతల్ బెన్ ముందు తన చేతి మీద ఉత్త నీళ్ళతో చేసి చూపించింది. నా మనసులో మొదట మెదిలింది భూదవ్వ మనవరాలు.

భూదవ్వ మా గల్లీలో మూడో అంతస్తు. కొడుకు శంకర్ మగ్గం నడుపుతాడు, కోడలు స్వరూప ఇంట్లో కూర్చుని చీరల వెనక దారాలు కత్తిరిస్తుంది. ముగ్గురు పిల్లలు. పెద్దవాడికి చిన్నప్పుడు వేసిన టీకా సూది దగ్గర తొడ మీద గడ్డ లేచింది. ఆసుపత్రిలో కోసి చీము తీశారు. టీకా వేసిన రోజు వాణ్ణి పట్టుకున్నది నేనే. అప్పటి నుంచి ఆ ఇంట్లో సూది మాట లేదు. రెండోది మనీషా, నాలుగేళ్ళ పిల్ల. ఒక్క తట్టు టీకా కూడా పడలేదు. మూడోవాడు రెండు నెలల పసిగుడ్డు. తొమ్మిది నెలలు నిండితేగాని ఆ టీకా వేయరు. అంటే మనీషాకు తట్టు వస్తే పసివాడికి అడ్డం ఎవరూ లేరు. అందుకే భూదవ్వ పిల్లను ఇంట్లోనే పెట్టి తలుపు గడియ వేసి కూర్చుంది. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఆ పిల్ల దారిన పోయే ప్రతివాళ్ళనూ పేరుపెట్టి పిలిచేది.

నేను మెట్లెక్కి వెళ్ళేసరికి భూదవ్వ గుమ్మంలో బియ్యం ఏరుతోంది.

"ఏంది లచ్చవ్వా, మల్ల సూదులు పట్టుకొని తయారైనవా?"

"సూది లేదక్కా. కొత్త మిషన్ వచ్చింది. టప్‌మంటది, అంతే."

"సూది లేకుంట మందెట్ల పోతది? నీ నర్సు మంత్రమేస్తదా?"

"నీళ్ళే జోరుగ కొడ్తది. తోలు లోపలికి పోతది. నేను నా కండ్లతోని చూసిన."

"మా పెద్దోనికి గూడ ఏం గాదన్నవ్. నెల దినాలు నా ఒళ్ళె పండవెట్టుకున్న. యాదున్నదా?"

"యాదున్నదక్కా."

"ఉంటే మల్ల ఏ మొకం వెట్టుకొని వచ్చినవ్?"

లోపల స్వరూప కత్తెర ఆపింది. ఊయల తాడు కాలి వేలికి కట్టుకుని ఊపుతోంది. "అత్తమ్మా, సూది లేదంటున్నది గదా," అంది, చీరలోకే చూస్తూ. "బండలెక్క ఇంట్ల వడి ఉంటున్నది పోరి. రేపు చిన్నోనికి ఏమన్న అయితే?"

భూదవ్వ చేటలో రాయి ఒకటి ఏరి పారేసింది. "ఒక్కసారి," అంది చివరికి. "గాడ సూది కనవడ్డదో, లచ్చవ్వా, మల్ల మా గడప తొక్కకు."

"కనవడదు. రేపు పొద్దుగాల్ల తానం పోసి, రెక్కలకు జర నూనె రాసి పట్టుకరా," అన్నాను.

నోటికి అలవాటైన మాట. ఆ రోజు పద్నాలుగు ఇళ్ళలో అదే మాట చెప్పాను. కొత్త మిషన్‌కు నూనె పనికివస్తుందా అని నర్సును అడగాలని తట్టనే లేదు.

బుధవారం ముందు వచ్చినవాళ్ళు అవతలి గల్లీవాళ్ళు, మరాఠీలు, యూపీవాళ్ళు. వాళ్ళకు నేను చెప్పలేదు కాబట్టి పొడి చేతులతోనే వచ్చారు. టప్, టప్‌మని అయిపోయింది. ఏడ్చినవాళ్ళు తక్కువ. హేతల్ బెన్ ముఖం వెలిగిపోయింది. "చూశావా మాసీ, ఇంక నీ విద్యకు పని లేదు," అని హిందీలో నవ్వింది. మాసీ అంటే పిన్ని.

తర్వాత మావాళ్ళు వచ్చారు. ఒక్కొక్క పిల్ల చేయి నిగనిగలాడుతోంది. హేతల్ బెన్ దూదితో తుడుస్తూనే ఉంది, కానీ గదిలో జనం, వెనక తోపులాట, తెరిచిన వయల్ నాలుగు గంటలకు మించి పనికిరాదన్న తొందర. ఆమె తుడిచింది నీళ్ళో చెమటో అనుకుని ఉంటుంది.

భూదవ్వ మనీషాను చంకన ఎత్తుకుని వచ్చింది. నువ్వుల నూనె వేడిచేసి మరీ రాసింది, వాసన తెలుస్తోంది. పిల్ల నా ఒళ్ళో కూర్చుంది. నేను మోచేయి పట్టుకున్నాను. హేతల్ బెన్ తుడిచి, మిషన్ ఆనించి నొక్కబోయింది. సరిగ్గా అప్పుడు తలుపు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు వరుస కోసం గొడవపడ్డారు. ఆమె తల అటు తిరిగింది. టప్‌మంది.

నా బొటనవేలి కింద చేయి జారింది. మిషన్ కొస పక్కకు పోయింది. మందు లోపలికి పోలేదు. చేతి మీద పడి, నూనె మీద పూసల్లా నిలిచి, మోచేయి దాకా కారింది. ఒకటి రెండు చుక్కలు కాదు, మొత్తం.

ఏం దాచను. నా చేయి దానంతటదే వెళ్ళి కొంగుతో తుడిచేసింది.

"అయిపోయిందా?" అంది మనీషా. "గంతేనా?" అని పకపకా నవ్వింది. భూదవ్వ పిల్ల చేయి తిప్పి తిప్పి చూసింది. ఎర్రగా ఒక గీర ఉంది. రక్తం లేదు. ముడతలు పడిన ఆ ముఖం విచ్చుకోవడం అన్నేళ్ళలో నేను మొదటిసారి చూశాను. "లచ్చవ్వా, నోరు చక్కెరతోని కడగాలె నీకు," అంది. హేతల్ బెన్ అప్పటికే కార్డు మీద రాసి, పిల్ల వేలికి సిరా గుర్తు పెట్టి, ఇంకొకరిని పిలిచింది.

అంతా అయ్యాక డబ్బా సర్దుతుంటే మెల్లగా అడిగాను. "బెన్, ఒకవేళ మందు బయటికి కారితే?"

"వెట్ షాట్ అంటారు దాన్ని. లెక్కలోకి రాదు, మళ్ళీ వేయాలి. ఎవరికైనా అట్లా అయిందా?"

"లేదు," అన్నాను.

ఎందుకన్నానో చాలాసార్లు ఆలోచించాను. భూదవ్వ ముఖం ఒకటి. మళ్ళీ వేయాలంటే గల్లీ మొత్తం వెనక్కిపోతుందన్న భయం ఒకటి. ఇవి రెండూ నిజమే. కానీ వీటి కింద ఇంకొకటి ఉంది. ఆ నూనె రాయమన్నది నేను. ఇన్నేళ్ళుగా ఈ పనిలో నా సొంతమని చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఒక్క ఉపాయం. అదే తప్పయిందని నోటితో చెప్పాలంటే మనసొప్పలేదు.

నాలుగు రోజులు బాగానే గడిచాయి. ఇంకా చెప్పాలంటే నా జీవితంలో అంత మంచి పేరు ఎప్పుడూ రాలేదు. భూదవ్వ నీళ్ళ నల్లా దగ్గర అందరికీ చెప్పింది, సూది లేదు, నొప్పి లేదు, లచ్చవ్వ మాట మీద పోండి అని. ఎప్పుడూ తలుపు తీయనివాళ్ళు కూడా నన్ను పిలిచి వచ్చే బుధవారం మా పిల్లను రాయించు అన్నారు. నేను తల ఊపుతూ తిరిగాను.

సోమవారం పగలు పాలకూర కట్టలు కొని వెనక గల్లీలోంచి వస్తున్నాను. ఒక వేపకొమ్మ కట్టిన గుమ్మం ముందు మెట్ల మీద ఇద్దరు పిల్లలు కూర్చుని ఒకటే పుల్ల ఐసును చెరొకసారి చప్పరిస్తున్నారు. ఒకరు యూపీవాళ్ళ పిల్ల, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముక్కు కారుతోంది, దగ్గుతోంది. రెండో పిల్ల మనీషా.

"ఈడేం జేస్తున్నవే?" అన్నాను.

"ఆడుకుంటున్న. నాయినమ్మ పొమ్మన్నది. నాకు మిషన్ వడ్డది గదా," అని చేయి చూపించింది. "నాకింక తట్టు రాదట."

ఎప్పటి నుంచి వస్తున్నావంటే మొన్నటి నుంచి అంది. గడియ వేసిన తలుపు నా టీకా చూసి తీశారు. నేను ఊరుకుని ఉంటే ఆ పిల్ల ఇంట్లోనే ఉండేది. నేను టీకా వేయించలేదు సరికదా, ఉన్న అడ్డాన్నీ తీసేశాను. ఆ మాట అక్కడ నిలబడి ఉండగా అర్థమైంది. పాలకూర అక్కడే మెట్టు మీద పెట్టి, హేతల్ బెన్‌కు ఫోన్ చేయమని పక్క కొట్టు అమ్మాయికి నా ఫోను ఇచ్చాను. ఆమె కలిపి నా చేతికిచ్చింది.

ఉన్నదంతా చెప్పాను. నూనె, జారడం, కొంగుతో తుడవడం.

"మాసీ, అడిగినప్పుడు లేదన్నావు."

"అన్నాను."

"నూనె ఉందని చూసుకోవలసింది నేను. తల తిప్పింది కూడా నేనే. ఆ సంగతి తర్వాత. ఆ పిల్ల రోగి దగ్గరికి మొన్నటి నుంచే వెళ్తోందా? మూడు రోజుల లోపు టీకా పడితే ఇంకా కాపాడవచ్చు. నేను హెల్త్ సెంటర్‌లో ఉన్నాను. పొద్దున తెరిచిన వయల్ ఒకటి ఉంది, రెండున్నర దాటితే పారేయాలి. ఈలోపు తీసుకురా." కాస్త ఆగి, "ఇంకో సంగతి," అంది. "మిషన్ ఇవాళ వేరే వార్డుకు వెళ్ళింది. ఇక్కడ ఉన్నది సూదే."

మనీషా చేయి పట్టుకుని ఆ మూడు అంతస్తులు ఎక్కాను. ఒక్కొక్క మెట్టు మీద ఒక్కొక్క అబద్ధం తట్టింది. మందు తక్కువ పడిందంటే సరిపోతుంది. రెండో డోసు అంటే సరిపోతుంది. నర్సు తప్పు అంటే ఇంకా మంచిది. పైకి వెళ్ళేసరికి ఆయాసంతో ఏదీ మిగలలేదు.

"భూదవ్వక్కా, మనీషకు మందు వడలే," అన్నాను.

భూదవ్వ పసివాడికి నలుగు పెడుతోంది. చేయి ఆగింది. "ఏమన్నవ్?"

"నూనెకు మిషన్ జారింది. మందంత బయటికి కారింది. నేను చూసిన. చూసి తుడిసిన. నీకు చెప్పలే, నర్సుకూ చెప్పలే."

"నూనె నువ్వే రాయమంటివి."

"నేనే రాయమన్న."

"పిల్లను బయటికి తోలిన నేను. నీ మాట వట్టుకొని తోలిన. ఆ యూపీ పొల్ల దగ్గుతుంటె గూడ ఏంగాదని తోలిన." ఆమె గొంతు లేవలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "అయిదు దినాలు నా ముంగట్నే తిరిగినవ్. నల్లా కాడ నేను నిన్ను మెచ్చుకుంటుంటె తలకాయ ఊపినవ్. నువ్వు మనిషివేనా?"

స్వరూప లేచి నిలబడింది. ఒళ్ళోని కత్తెర కింద పడింది. "ఇప్పుడేం జెయ్యాలె? అది చెప్పు ముందుగాల."

"రెండున్నర లోపట హెల్త్ సెంటర్‌కు పోవాలె. పోతే ఆపొచ్చంటున్నది నర్సు." దాచకుండా అదీ చెప్పాను. "ఆడ మిషన్ లేదు. సూదే."

భూదవ్వ నన్ను చూసింది. తర్వాత నీళ్ళ తొట్టి పక్కన ఆడుకుంటున్న పెద్దవాడి తొడ వైపు చూసింది, అక్కడ మచ్చ ఇంకా ఉంది. తర్వాత తన కాళ్ళ మీది పసివాణ్ణి.

"సూదని చెప్పకుంట తీస్కపోతే ఆడికి పోయేదాక నాకు తెల్వకపోవు," అంది. "గిది గూడ ఎందుకు చెప్పినవ్?"

నేను మనీషా చెప్పులు వెతికి గుమ్మం దగ్గర పెట్టాను.

భూదవ్వ పసివాణ్ణి స్వరూపకు అందించి లేచింది. మనీషాను తొట్టి దగ్గరికి లాగి, బట్టల సబ్బు తీసుకుని భుజం నుంచి మణికట్టు దాకా రుద్దడం మొదలుపెట్టింది. రెండు చేతులూ. నీళ్ళు పోసి మళ్ళీ రుద్దింది. పిల్ల మొత్తుకుంటున్నా ఆపలేదు. పొడిగుడ్డతో తుడిచి, తన బుగ్గకు ఆనించి చూసుకుంది, జిడ్డు ఉందేమోనని. "స్వరూపా, చిన్నోన్ని చూస్కో. నేను వోతున్న."

షేర్ ఆటోలో ముగ్గురం కూర్చున్నాం. మనీషా నడుమ. భూదవ్వ పిల్ల చేతుల మీద తన రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది, పక్కనున్నవాళ్ళ చెమట అంటకుండా. ఫ్లైఓవర్ కింద ఆటో ఆగిపోతే ఇద్దరం దిగి నడిచాం. నేను వెనకబడ్డాను. ఆమె నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దది. పిల్లను చంకనెత్తుకుని నా ముందు నడిచింది. రెండుసార్లు తీసుకుంటానని చేతులు చాపాను. ఇవ్వలేదు.

హేతల్ బెన్ వాకిట్లోనే నిలబడి ఉంది. గోడ గడియారం రెండుంబావు దాటింది. సిరంజి చూడగానే మనీషా కాళ్ళు తన్నుకుంది. "మిషన్ అన్నవ్! అవ్వా, నువ్వు మిషన్ అన్నవ్!" అని నా వైపు చేయి చూపించి ఏడ్చింది. నేను అలవాటు చొప్పున కూర్చుని ఒడి చాపాను.

"నువ్వు పట్టుకోకు," అంది భూదవ్వ. "నేను పట్టుకుంట."

ఆమెకు పట్టుకోవడం రాదు. పిల్ల ఒక చేయి విడిపించుకుని ఆమె ముక్కుపుడక లాగింది. నేను రెండడుగుల దూరంలో నిలబడి నోటితో చెప్పాను. "మోచేయి కింద పట్టు అక్కా. కాళ్ళు నీ తొడల నడుమ పెట్టు. తల నీ బుజం మీదికి తిప్పు." ఆమె నావైపు చూడకుండా, చెప్పినట్టే చేసింది. సూది దిగింది. మనీషా కెవ్వుమంది. భూదవ్వ కళ్ళు మూసుకోలేదు. సూది లోపలికి పోవడం, మందు అయిపోవడం, సూది బయటికి రావడం, అన్నీ దగ్గరగా వంగి చూసింది. ఒక చుక్క రక్తం వచ్చింది.

"గిప్పుడు వడ్డది," అంది.

హేతల్ బెన్ తన రిజిస్టర్‌లో బుధవారం నాటి గీత కొట్టేసి, పక్కన ఏదో రాసింది. ఏం రాశావని అడిగితే, చేతికి నూనె ఉండటం గమనించలేదని తన తప్పుగా రాశానంది. నా పేరు రాయమన్నాను. రిజిస్టర్‌లో తేడాగర్‌కు గడి లేదంది.

ఆ తర్వాతి బుధవారం దాకా ఆగలేదు. మిగిలిన పదమూడు ఇళ్ళకూ నేనే వెళ్ళాను. నూనె రాయమన్నది నేను, జారి ఉండవచ్చు, అనుమానం ఉన్నవాళ్ళకు మళ్ళీ వేస్తారు, రెండుసార్లు పడినా హాని లేదు. ఇదే మాట పదమూడు సార్లు. కొందరు తలుపు ముఖాన వేశారు. ఒకామె, "నీ నూనె నీ నెత్తిన వోసుకో," అంది. ఒకతను నవ్వి చాయ్ ఇచ్చాడు, అది ఇంకా కష్టమనిపించింది. రాయిస్తామన్న కొత్తవాళ్ళలో సగం మంది వెనక్కి తగ్గారు. వాళ్ళను మళ్ళీ తీసుకురావడానికి ఆ ఏడాదంతా పట్టింది. ఇప్పటికీ రెండు ఇళ్ళవాళ్ళు రారు.

మనీషాకు తొమ్మిదో రోజున ఒళ్ళు వెచ్చబడింది. రెండు రోజులుండి తగ్గింది. దద్దుర్లు రాలేదు. పసివాడికీ ఏమీ కాలేదు. సూది వల్లనే ఆగిందా, ముందే అంటలేదా అని హేతల్ బెన్‌ను అడిగాను. "తెలియదు మాసీ, ఎవరూ చెప్పలేరు," అంది. ఆ జవాబు నాకు సరిపోలేదు, కానీ నేను ఆ రోజు చెప్పిన దానికంటే నిజమైన జవాబు అది.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఏమిటని టీచరమ్మ అడుగుతోంది. కొత్త వస్తువు వచ్చినప్పుడు నా పాత మంచితనం దానికి సరిపోతుందో లేదో ముందు అడగాలి. కళ్ళతో చూసిన దాన్ని కొంగుతో తుడిస్తే అది పోదు, ఇంకొకరి ఇంటికి చేరుతుంది. ఇప్పుడు టీకాకు ముందురోజు ఇల్లిల్లూ తిరిగేటప్పుడు నడుముకు నూనె సీసా ఉండదు, సబ్బు ముక్క ఉంటుంది. మిషన్ వచ్చినా, సూది వచ్చినా, పిల్ల ముఖంకంటే ముందు చేయి చూస్తాను. కూర్చున్న తల్లులందరికీ నా తప్పు నేనే చెబుతాను. విని విని వాళ్ళకూ, చెప్పి చెప్పి నాకూ విసుగే. అయినా చెబుతాను.

రెండో డోసుకు భూదవ్వ మనీషాను తీసుకువచ్చింది. ఆ రోజు మిషన్ ఉంది. నేను పక్కకు తప్పుకుని నిలబడ్డాను, నన్ను పట్టుకోనివ్వదని తెలుసు కాబట్టి. ఆమె వరుసలో తన వంతు వచ్చేదాకా ఆగి, కుర్చీ దగ్గరికి పోకుండా నా ముందుకు వచ్చి నిలబడింది. పిల్ల చేయి పట్టి నా ముఖం ముందుకు చాపింది.

"పట్టి చూడు," అంది. "ఎండిందా, లేదా?"

బొటనవేలితో రుద్ది చూశాను. చర్మం గరుకుగా, పొడిగా ఉంది. సబ్బు వాసన వేస్తోంది.

"ఎండింది అక్కా," అన్నాను.

"అయితే కూసో," అంది. పిల్లను నా ఒళ్ళో పెట్టింది. తను మాత్రం వెళ్ళలేదు. ఎదురుగా వంగి, మిషన్ టప్‌మనేదాకా రెప్ప వేయకుండా నా బొటనవేలినే చూస్తూ నిలబడింది.